ఇసుక కింద వేన్నీళ్ళు

గీజరు లేని స్నానాలగది ఈ రోజుల్లో అరుదే. పొద్దున్నే స్విచ్చి వేయడం, ఎర్రదీపం ఆరేలోగా కాఫీ కలుపుకోవడం, ఆనక బకెట్టు కింద పెట్టడం. రోజూ పదిసార్లు అనుకునే ఈ 'గీజరు' అన్నమాట ఏ ఊరిదో ఎప్పుడైనా ఆలోచించారా? నేనూ ఆలోచించలేదు. లైబ్రరీలో ఉద్యోగం కనక, ఒకనాడు లావుపాటి నిఘంటువు దుమ్ము దులుపుతుంటే కంటబడింది. ఐస్‌లాండు అనే చలిదేశంలో 'గైసిర్' అని ఒక వేడినీళ్ళ బుగ్గ ఉందిట. ఒకప్పుడు నీళ్ళను తాటిచెట్లను మించిన ఎత్తుకు చిమ్మేదిట. ఇప్పుడు పెద్దదైపోయి ఎప్పుడో గాని లేవదు. దాని పేరే లోకంలోని చిమ్ముడు బుగ్గలన్నిటికీ వచ్చింది, ఆ తరువాత ఇంగ్లీషువాళ్ళ స్నానాలగదుల్లో నీళ్ళు కాచే యంత్రానికి వచ్చింది, వాళ్ళ వెంట మన దేశానికీ వచ్చింది. ఇంత పెద్దింటి పేరు పెట్టుకుని మా ఇంటి గీజరు మాత్రం సరిగ్గా సంక్రాంతి ముందే మొరాయిస్తుంది!

మనకి మాట లేక కాదు. 'బుగ్గ' ఉండనే ఉంది. బుగ్గంటే చెంప ఒక్కటే అనుకునేవాళ్ళు తాడిపత్రి వెళ్ళి బుగ్గ రామలింగేశ్వరుణ్ణి అడగాలి. నేలలోంచి తనంత తాను ఊరి పైకొచ్చే నీటిని మన పెద్దలు బుగ్గ అన్నారు. అది వేడిదైతే ఇంకేం, దేవుడూ గుడీ వెంటనే వస్తాయి. మన దేశంలో వేడినీళ్ళ బుగ్గలు 300కు పైగా ఉన్నాయని భూగర్భశాస్త్రజ్ఞుల లెక్క. హిమాచల్‌లోని మణికరణ్‌లో యాత్రికులు బియ్యం మూటగట్టి ఆ నీళ్ళలో వేలాడదీసి అన్నం వండుకుంటారు. గ్యాసు సిలిండరు ధర పెరిగినప్పుడల్లా నాకు మణికరణ్ జ్ఞాపకం వస్తుంది. మన ఆదిలాబాదు వాళ్ళు సరిహద్దు దాటి కిన్వట్ దగ్గరి ఉనకేశ్వర్ వెళ్ళి స్నానాలు చేసొస్తారు. మరి భద్రాచలం పక్కన, గోదావరి ఒడ్డున, గుండాల ఉంది. నేను చెప్పబోయేది ఆ గుండాల సంగతే.

ఘట్‌కేసర్ అంటే మీలో చాలామందికి కాజీపేట రైలు కిటికీలోంచి కనిపించే ఒక స్టేషను బోర్డు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకూ అంతే. అప్పుడు ఎటు చూసినా బండలూ, బండల సందుల్లో సీతాఫలం చెట్లూ. ఇప్పుడు ప్రతి బండ పక్కనా ఒక ఇంజనీరింగు కాలేజీ మొలిచింది. అలాంటి ఒక కాలేజీలోనే నేను లైబ్రేరియన్ని. సివిల్ చదివే పిల్లలకి రెండో ఏడు జియాలజీ ఉంటుంది. పునాది తీసేవాడికి కింద ఏ రాయి ఉందో తెలియాలి గదా. పుస్తకంలో చదివింది కళ్ళతో చూడాలని ఏడాదికొకసారి ఎక్కడికైనా తీసుకెళతారు. పిల్లలేమో గోవా అన్నారు, ఊటీ అన్నారు. జియాలజీ సారు గుండాల అన్నాడు. క్లాసంతా నీరుగారిపోయింది.

"వేడినీళ్ళు చూడ్డానికి మూడొందల కిలోమీటర్లా సార్? హాస్టల్లోనే వస్తాయి గదా" అన్నాడట ఒక గడుగ్గాయి.

"మీ హాస్టల్లోనా? ఎప్పుడు?" అన్నాడట సారు. అంతటితో ఆ విషయం సద్దుమణిగింది.

అసలు చిక్కు ఆడపిల్లలతో వచ్చింది. 42 మందిలో 17 మంది ఆడపిల్లలు. రాత్రి ప్రయాణం. ఆడతోడు లేకపోతే ఏ తల్లీ తండ్రీ సంతకం పెట్టరు. పాఠం చెప్పే మేడంలకి పసిపిల్లలో, అత్తగార్లో, కారణాలున్నాయి. చివరికి నా దగ్గరికి వచ్చారు. నాకు రాళ్ళ గురించి ఏమీ తెలియదే అన్నాను. "మీరు రాళ్ళు చూడక్కర్లేదు మేడం, పిల్లల్ని చూస్తే చాలు" అన్నాడు సారు.

నేను వెంటనే ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. 1987 జనవరిలో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, మా కాలేజీ వాళ్ళు భద్రాచలం, గుండాల, పర్ణశాల విహారయాత్ర పెట్టారు. తలకి 60 రూపాయలు. మా అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది: "పోయిన ఆగస్టులోనే గోదారి ఊళ్ళు ముంచింది. ఆడపిల్లవి, ఆ నదీ నీళ్ళూ నీకెందుకే? వేన్నీళ్ళు కావాలంటే పొయ్యిమీద కాగులో ఉన్నాయి." వరద మాట అబద్ధం కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ఇంతవరకూ అదే పెద్ద లెక్క. కానీ జనవరిలో ఆ నది ఇసుకతిన్నెల మధ్య సన్నగా పారుతుంటుందని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ 60 రూపాయలూ మా తమ్ముడి క్రికెట్ బ్యాటుకి వెళ్ళాయి. నా స్నేహితురాళ్ళు వెళ్ళొచ్చి నెలరోజులు అవే కబుర్లు చెప్పారు. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని విన్నాను. పోనీండి, పాత సంగతులు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు ఒక ఫోను వచ్చింది. క్లాసులో ముందు బెంచీలో కూర్చునే కళ్ళజోడు పిల్ల తండ్రి. వాళ్ళది భువనగిరి అవతల పల్లె.

"మేడం, నమస్తే. మా బిడ్డ ఏదో వేడినీళ్ళు చూసొస్తనంటుంది. నేను నాలుగు బోర్లేసిన. ఒక్కొక్కటి ఏడు నూర్ల ఫీట్లు. దుమ్ము తప్ప చుక్క రాలే. ఇంటికాడ సల్లనీళ్ళకే దిక్కులేదు, వేడినీళ్ళు చూడ అంత దూరం పోవుడెందుకు మేడం?"

నాకు నవ్వు వచ్చింది, వెంటనే పోయింది. ఏం సమాధానం చెప్పను? మార్కులున్నాయని చెప్పొచ్చు. కానీ ఆయన అడిగింది మార్కుల గురించి కాదు గదా. "నేను వెళుతున్నానండీ. మీ అమ్మాయిని నా పక్క సీటులోనే కూర్చోబెట్టుకుంటాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "మీరు పోతున్నరా? గట్లయితే పంపుతా" అని పెట్టేశాడు.

అలా ఆ పిల్ల నా పక్క సీటులోకి వచ్చింది. నా పులిహోర డబ్బా, స్టీలు ఫ్లాస్కూ ఆమె ఒళ్ళో.

రాత్రి పదింటికి బయలుదేరాం. సూర్యాపేట దాకా పాటలు, ఖమ్మం దాకా అంత్యాక్షరి, తరువాత గురకలు. సారు మాత్రం మైకు పట్టుకుని సూర్యాపేట లోపలే పాఠం మొదలుపెట్టాడు. నాకు అర్థమైనంతవరకు చెబుతాను, వంటింటి భాషలో.

భూమి లోపల వేడి ఉంది. సగం పుట్టినప్పటి వేడి, ఇంకా చల్లారలేదు. మిగతా సగం యురేనియం, థోరియం, పొటాషియం లాంటివి రాళ్ళలో కొంచెం కొంచెంగా విచ్ఛిన్నమవుతూ పుట్టించే వేడి. కిందికి పోయినకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుందట. కోలారు బంగారు గనులు మీకు తెలుసు. మన చిత్తూరు జిల్లా వాళ్ళు ఎన్ని తరాలు అక్కడ పనిచేశారో లెక్కలేదు. 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయవి. అడుగున రాయి ఎంత వేడంటే, పైనుంచి చల్లగాలి పంపితేగాని మనిషి నిలబడి పనిచేయలేకపోయేవాడు. 2001లో వాటిని మూసేశారు.

"మరి చలికాలంలో మా బోరు నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి. అదీ భూమి వేడేనా?" అని అడిగాను. మీరూ గమనించే ఉంటారు.

"అది వేరే మేడం" అన్నాడు. బోరు లోతులో నీళ్ళకి ఏడాది పొడుగునా దాదాపు ఒకటే వేడి. పైన చలేస్తే వెచ్చగా అనిపిస్తాయి, ఎండాకాలం చల్లగా అనిపిస్తాయి. మారేది మన ఒళ్ళే, నీళ్ళు కావు. ముప్ఫై ఏళ్ళుగా నేను మా బోరును తెగ మెచ్చుకుంటున్నాను, దాని ఘనత ఇంతేనన్నమాట!

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఉప్పల్ దాటి హబ్సిగూడ వైపు పోతుంటే ఎన్.జి.ఆర్.ఐ అని ఉంది చూశారూ, ఇప్పుడు ఆ పేరుతో మెట్రో స్టేషను కూడా ఉంది, 1961లో మొదలైన ఆ సంస్థలో శాస్త్రజ్ఞులు చేసే పనుల్లో భూమి లోపలినుంచి పైకొచ్చే వేడిని కొలవడం ఒకటట. లోతైన బోరుల్లోకి సన్నని థర్మామీటర్లు దింపి చూస్తారట. ఆ గోడ పక్కనుంచి ఎన్ని వందలసార్లు వెళ్ళానో! భూకంపం వచ్చినప్పుడు టీవీలో మాట్లాడే ఆఫీసు అనే అనుకున్నాను. ఒంట్లో వేడి చూడ్డానికి నుదుటి మీద చెయ్యి పెట్టే మనకి, భూమికి థర్మామీటరు పెట్టేవాళ్ళు అంత దగ్గరలో ఉన్నారని తెలియదు.

తెల్లవారుతుండగా భద్రాచలం వంతెన దాటాం. కింద గోదావరి మీద పొగమంచు. కళ్ళజోడు పిల్ల కిటికీకి ముక్కు ఆనించి, "ఇంత నీళ్ళా మేడం!" అంది. ఆ పిల్ల గోదావరిని చూడటం అదే మొదటిసారి. నేను వరదలో చూపించే నది కాదమ్మా ఇది, సగం ఇసుకే అన్నాను. 2022 జూలైలో ఇదే చోట 71.3 అడుగులు వచ్చింది. ఇప్పుడేమో మేకలు నడిచి పోతున్నాయి.

భద్రాచలం నుంచి గుండాల 5 కిలోమీటర్లు ఉంటుంది, కానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది. 2014లో విభజన జరిగినప్పుడు భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది. పోలవరం లెక్కల్లో దాన్ని ఆనుకున్న గుండాల, ఎటపాక లాంటి ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. రాములవారు ఇటు, వేన్నీళ్ళు అటు. చలికాలంలో బ్రహ్మ విష్ణు మహేశ్వరులు వచ్చి గుండాలలో స్నానం చేసి వెళతారని స్థలపురాణం. వాళ్ళకి ఏ రాష్ట్రమైనా ఒకటే అనుకోండి.

ఇక అసలు ఘట్టం. బస్సు దిగి, ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, అందరం నిలబడ్డాం. చూడ్డానికి ఏముంది? ఇసుక. అవతల నది. పొగ లేదు, చిమ్మడం లేదు, బుడగలు లేవు. మగపిల్లలు సెల్‌ఫోన్లు తీసి, దేన్ని ఫొటో తియ్యాలో తెలియక ఒకళ్ళనొకళ్ళు తీసుకున్నారు. "దీనికన్నా మా హాస్టలే నయం" అన్నాడు ఆ గడుగ్గాయి. సారు ముఖం చూస్తే జాలేసింది. "తవ్వండి" అన్నాడు. తవ్వారు. నీళ్ళు వచ్చాయి. ఐసులా ఉన్నాయి! ఇంకోచోట తవ్వారు. అవీ అంతే.

ఒడ్డున బట్టలు జాడించుకుంటున్న ఒక ముసలామె మా అవస్థ అంతా చూస్తోంది. చివరికి ఉండబట్టలేక కొంగు నడుముకి దోపుకుని వచ్చింది.

"ఆడ ఎంత తవ్వినా సన్నీళ్ళేనమ్మా. ఇటు రండి. పోయిన వరదకి ముందు మీరు నుంచున్న కాడే ఉండేది. వరదొచ్చి పోయినప్పుడల్లా ఇసుక మారిపోద్ది. మేం మళ్ళీ ఎతుక్కుంటాం."

"ఎట్లా వెతుకుతారమ్మా?" అని అడిగాను.

"ఎట్టేవుంది? కాలితో."

నాలుగడుగులు వేసి, పాదం ఆనించి, మళ్ళీ రెండడుగులు వేసి ఆగింది. "ఈడ" అంది. థర్మామీటరూ లేదు, మైకూ లేదు. సారు తన నోటుపుస్తకం మూసేసి ఆమె పక్కన చతికిలబడ్డాడు. అది నాకు నచ్చింది. చదువుకున్నవాళ్ళు అందరూ అలా కూర్చోలేరు.

అందరికంటే ముందు చెయ్యి పెట్టింది కళ్ళజోడు పిల్ల. గాజులు పైకి తోసుకుని రెండు చేతులా ఇసుక తీసింది. మణికట్టు లోతున ఇసుక చల్లగానే ఉంది. ఇంకొంచెం పోయాక "వెచ్చగా ఉంది మేడం" అంది. మోచెయ్యి దాకా దిగాక ఒక్కసారి "అబ్బ!" అని చెయ్యి లాక్కుంది. గుంటలో నీళ్ళు ఊరుతున్నాయి. ఆ చలిలో నీటి మీద సన్నగా ఆవిరి. నేనూ చెయ్యి పెట్టాను. డిగ్రీలు సారు రాసుకున్నాడు గాని, మనకు తెలిసే లెక్క చెబుతాను: తలంటు పోసుకునేటప్పుడు చన్నీళ్ళు కొంచెం తొలుపుకుంటామే, అలా తొలపకముందు వేడి. రెండు బారల దూరంలో నది గడ్డకట్టేంత చల్లగా పోతోంది. ఇక్కడ నా వేళ్ళ కింద భూమి తన నీళ్ళు తాను కాచుకుంటోంది. ఏ కట్టెలు, ఏ కరెంటు, ఏ గ్యాసు? ముప్ఫై ఏళ్ళకు పైగా నా స్నేహితురాళ్ళ మాటల్లోనే ఉన్న నీళ్ళివి. నేను చెయ్యి తియ్యకుండా కాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ముసలామె మాత్రం, "చలికాలం మోకాళ్ళు పోట్లు పుడితే ఈ నీళ్ళే పోసుకుంటాం. హాయిగా ఉంటది" అని, నా మోకాళ్ళ వైపు చూసి, "మీరూ పోసుకోండి" అంది. పోసుకున్నాను. పదిహేడు మంది ఆడపిల్లలూ చుట్టూ చేరి కాళ్ళు కడుక్కున్నారు. గడుగ్గాయి కూడా నాలుగు గుంటలు తవ్వి, ఏది ఎక్కువ వేడో పందెం వేస్తున్నాడు.

"మరి మా ఊళ్ళో ఎందుకు రాదు సార్?" అని కళ్ళజోడు పిల్ల అడిగింది. "మా నాయిన ఏడు వందల అడుగులు వేయించాడు. ఇక్కడ మూరెడు కూడా లేదు."

సారు వెంటనే చెప్పలేదు. ఇసుక మీద పుల్లతో గీతలు గీశాడు. ఘట్‌కేసర్, భువనగిరి కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి నల్లసేనపు బండ. గట్టిది. నీళ్ళుంటే దాని పగుళ్ళలోనే ఉండాలి. బోరు పగులుకు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. ఏడు వందల అడుగులు పోయినా అంతే. వేసినవాడి పాపం ఏమీ లేదు. గోదావరి లోయ సంగతి వేరు. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ నేల బద్దలై పొడుగాటి పల్లంలా కుంగింది. ఆ పల్లంలో ఇసుక, మట్టి, అడవులు పొరలు పొరలుగా పూడిపోయాయి. అడవులు బొగ్గయ్యాయి. అదే సింగరేణి బొగ్గు. ఆ పల్లం అంచుల్లో పెద్ద పెద్ద పగుళ్ళు. వాననీరు ఒక పగులులోంచి చాలా లోతుకు దిగి, అక్కడ వేడెక్కి, ఇంకో పగులులోంచి పైకి ఎగదన్నుతుంది. అగ్నిపర్వతం ఏమీ అక్కర్లేదు. పైనున్న బొగ్గు, మట్టి పొరలు వేడిని తొందరగా పోనివ్వవు, కుంపటి మీద గిన్నెకి మూత పెట్టినట్టు.

"అంటే మా నాయిన తప్పు కాదు" అంది ఆ పిల్ల. సారుతో కాదు, తనలో తను.

మణుగూరు దగ్గర పగిడేరు కూడా చూడాలని మా కార్యక్రమంలో ఉంది. ఎప్పుడో వేసిన బోర్లలోంచి అక్కడ వేడినీళ్ళు వాటంతట అవే పైకి వస్తాయి. సింగరేణి వాళ్ళు ఆ వేడితో 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రం ప్రయోగంగా పెట్టారు. ఆ నీళ్ళకి ఆవిరై యంత్రాన్ని తిప్పేంత వేడి లేదు. అందుకని తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని ఆ నీళ్ళతో కాచి, దాని ఆవిరితో టర్బైను తిప్పుతారట. మా ఇంటి గీజరు 2 కిలోవాట్లు. అంటే భూమాత వేడినీళ్ళతో కరెంటు తీస్తే, ఆ కరెంటుతో పది గీజర్లలో మళ్ళీ వేడినీళ్ళు కాచుకోవచ్చు! నేను ఈ మాట అంటే సారు నొచ్చుకున్నాడు. ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో భూమి ఆవిరితో వెలిగించింది నాలుగైదు బల్బులేనట. ఇప్పుడు ఐస్‌లాండులో పదిళ్ళలో తొమ్మిది భూమి వేడితోనే వెచ్చబడుతున్నాయట. మొదలు ఎప్పుడూ చిన్నదే మేడం అన్నాడు. సరే, ఒప్పుకున్నాను.

కానీ పగిడేరు చూడలేకపోయాం. రాములవారి దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి ఆడపిల్లల ఫోన్లు మోగడం మొదలైంది. ఎక్కడున్నారు, ఎన్నింటికి చేరతారు, చీకటి పడుతుందా. మగపిల్లల ఫోను ఒక్కటీ మోగలేదు. 17 ఫోన్లకీ నేనే సమాధానం చెప్పి, మధ్యాహ్నం రెండింటికల్లా బస్సు వెనక్కి తిప్పించాం. కళ్ళజోడు పిల్ల మణుగూరు వెళ్ళే దారి బోర్డును మలుపు తిరిగేదాకా చూసింది. ఏమీ అనలేదు. నాకు 1987 నాటి నా పుస్తకం గుర్తొచ్చింది.

ల్యాబు కోసం రెండు సీసాల్లో నీళ్ళు పట్టి, చీటీలు అంటించి సారు తన సంచిలో పెట్టుకున్నాడు. ఆ పిల్ల మాత్రం గుండాలలోనే నా ఫ్లాస్కు అడిగి తీసుకుంది. కాఫీ ఒంపేసి, నాలుగుసార్లు తొలిచి, గుంటలోని నీళ్ళు నింపి బిగించింది. కాఫీ పోయినందుకు నాకు కొంచెం బాధగానే ఉండింది, చెప్పొద్దూ.

రాత్రి తొమ్మిదిన్నరకి కాలేజీ గేటు ముందు ఆగాం. తలపాగా చుట్టుకుని, మోటారు సైకిలు పక్కన ఆ తండ్రి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో! పిల్ల దిగీ దిగగానే ఫ్లాస్కు మూత తీసి ఆయన అరచేతిలో ఒంపింది. పదమూడు గంటలైనా ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. ఆయన ముట్టుకున్నాడు, వాసన చూశాడు, కొంచెం తలమీద చల్లుకున్నాడు. తరువాత బోర్లు వేయించిన మనిషి అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఎన్ని ఫీట్లల్ల పడ్డయి బిడ్డా?"

అమ్మాయి తన మోచెయ్యి చూపించింది.

ఆయన నా వైపు చూశాడు, నిజమేనా అన్నట్టు. నేను తల ఊపాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా బండి స్టార్టు చేశాడు. పిల్ల వెనక కూర్చుని, ఫ్లాస్కు రెండు చేతులా గుండెకి ఆనించి పట్టుకుంది.

నా ఫ్లాస్కు ఇంకా తిరిగి రాలేదు. నేనూ అడగలేదు.